గాడీకి ముక్కు ఎక్కడుంది?

మన ఇళ్లల్లో కారు కొనడం ఒక్క మనిషి షౌఖ్‌తో అయ్యే పని కాదు. అది ఖాందాన్ మొత్తం హిసాబ్. జెద్దా నుంచో దుబాయ్ నుంచో వచ్చిన పైసలు కొన్ని, ఆడవాళ్లు చీటీల్లో దాచుకున్నవి కొన్ని, బ్యాంకు కిస్తులు కొన్ని కలిస్తే ఒక సెకండ్‌హ్యాండ్ గాడీ గుమ్మం ముందు నిలబడుతుంది. దావత్‌లకు అందులోనే పోతాం. అర్ధరాత్రి దవాఖానకూ అందులోనే పోతాం. అందుకే దాన్ని అమానత్ అంటాను నేను. స్టీరింగ్ ఒకరి చేతిలో ఉన్నా, అందులో అందరి హిస్సా ఉంటుంది.

అదే గాడీ ఇంట్లోని నౌజవాన్ చేతికొచ్చాక రంగు మారుతుంది. వెడల్పు టైర్లొస్తాయి, మోత మోగే సైలెన్సర్ వస్తుంది, ఎర్రగా మెరిసే కోన్ ఫిల్టర్ వస్తుంది. నేను షౌఖ్‌కు ఖిలాఫ్ కాదు. ఆ వయసులో మేము సైకిల్ చక్రాలకు రంగు పూసలు గుచ్చుకున్నవాళ్లమే. కానీ వానలు మొదలయ్యే ముందు ప్రతి ఇంట్లో రెండు సవాళ్లు అడగాలని నా మనవి. మన గాడీ ఊపిరి ఎక్కణ్నుంచి తీసుకుంటోంది? దాని కడుపులో ఏ ఆయిల్ ఉంది?

ఈ సవాళ్లు నాకు కితాబుల్లోంచి రాలేదు. మా ఆపా ఇంట్లోంచి వచ్చాయి.

మా భాంజాకు ఇరవై నాలుగేళ్లు. వాడి గాడీ 1,200 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. సగం సొమ్ము వాడి జీతంలోది. మిగతా సగం మా ఆపా రాత్రుళ్లు కళ్లు చిట్లించుకుని చేసిన జర్దోసీ పనిది. కొన్న ఏడాదికే వాడు ఒక దుకాణంలో 'కోల్డ్ ఎయిర్ ఇంటేక్' పెట్టించుకొచ్చాడు. కంపెనీ ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బా తీసేసి, దాని జాగాలో పొడుగాటి అల్యూమినియం పైపు పెట్టారు. పైపు చివర కోన్ ఫిల్టర్. ఆ ఫిల్టర్ బానెట్ కింద లేదు, ముందు బంపర్ వెనకాల, ఫాగ్ లైట్ పక్కన కిందకు వేలాడుతోంది. "చల్లగాలి అక్కడే దొరుకుతది మామూ, పికప్ చూడు" అని వాడు నన్ను ఓ రౌండ్ తిప్పాడు. మోత బాగానే ఉంది.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఆపాకు మోతియాబిందు ఆపరేషన్ అయింది. సాయంత్రం కంటికి పట్టీతో ఆమెను ఇంటికి తీసుకొస్తున్నాడు. గంటన్నర కుండపోత. టోలీచౌకి దాటాక రోడ్డు మీద నీళ్లు చక్రం సగానికి వచ్చాయి. ముందున్న ఆటో పోయింది, బైక్ కూడా పోయింది. వీడూ పోనిచ్చాడు. ఎదురుగా ఓ బస్సు అలను తోసుకుంటూ వచ్చింది. గాడీ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వాడు మళ్లీ చాబీ తిప్పాడు. లోపల్నుంచి 'ఠక్' అని ఒక్క చప్పుడు, అంతే.

పట్టీ కన్ను ఒక చేత్తో కప్పుకుని ఆపా మోకాటి లోతు మురికినీళ్లలోకి దిగింది. మొహల్లా పిల్లలిద్దరు చెయ్యి పట్టుకుని ఒక ఇంటి అరుగు దాకా తీసుకెళ్లారు. కంటికేమీ కాలేదు, అల్హందులిల్లాహ్. గాడీకి మాత్రం కనెక్టింగ్ రాడ్ వంగింది. ఇంజన్ విప్పి, సరిచేసి, మళ్లీ కూర్చోబెట్టేసరికి డెబ్బై వేలు దాటింది. ఇన్సూరెన్స్‌లో ఒక్క రూపాయి రాలేదు. ఆపా వాణ్ని ఒక్క మాట అనలేదు. ఆ ఖామోషీయే వాడికి ఎక్కువ తగిలింది.

గాడీ విప్పిన ఉస్తాద్‌కు అరవై దాటి ఉంటాయి. వంగిన రాడ్‌ను నా చేతిలో పెట్టి అన్నాడు: "ఇంజన్ కూ హవా హోనా సాబ్, పానీ నై. ఇనో నాక్ నీచే లాకే రఖ్ దియే." ఇంజన్‌కు కావాల్సింది గాలి, నీళ్లు కాదు, వీళ్లు దాని ముక్కును కిందకు దించి పెట్టారు అని.

ఇనుప రాడ్ నీళ్లకెలా వంగుతుందని భాంజా అడిగాడు. మా ఉర్దూ మీడియం బడిలో సైన్స్ మాస్టర్ సాబ్ చెప్పిన పాఠం అప్పుడు నాకు పనికొచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దాని కోసం దారుత్తర్జుమాలో సైన్స్ మాటలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. ఆ మాటల వారసత్వం మా తరగతి గది దాకా వచ్చింది. గ్యాస్‌ను దబాయిస్తే ముడుచుకుంటుంది, 'మాయె'ను, అంటే ద్రవాన్ని దబాయిస్తే ముడుచుకోదు. ఈ ఒక్క వాక్యంలోనే మా ఆపా డెబ్బై వేల కథ ఉంది.

లెక్క చూడండి. 1,200 సీసీ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు. పిస్టన్ పైకీ కిందకీ ఆడినప్పుడు ఒక్కో సిలిండర్ 300 సీసీ గాలి పీలుస్తుంది. కంప్రెషన్ నిష్పత్తి 10:1 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చేసరికి పైన మిగిలే జాగా 33 మిల్లీలీటర్లు. రెండు పెద్ద చెంచాలకు కొంచెం ఎక్కువ. అంతకు మించి నీళ్లు లోపలికెళితే పిస్టన్ పైదాకా రాలేదు. నీళ్లు ముడుచుకోవు, మిగతా మూడు సిలిండర్ల జోరు, తిరుగుతున్న చక్రాల జోరు వెనక నుంచి తోస్తూనే ఉంటాయి. మధ్యలో ఉన్న రాడ్ వంగుతుంది, లేదా విరుగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. డీజిల్ ఇంజన్లలో కంప్రెషన్ ఇంకా ఎక్కువ కాబట్టి ఆ జాగా ఇంకా తక్కువ.

పీల్చే జోరు కూడా చిన్నది కాదు. ఇదే ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి ఉంటే, నిమిషానికి దాదాపు 1,800 లీటర్ల గాలి లాగుతుంది. ఫిల్టర్ నీళ్లలో మునిగిన క్షణంలో అదే జోరుతో నీళ్లను లాగుతుంది. రెండు చెంచాలు ఎంతసేపు?

మరి చల్లగాలి వల్ల నఫా ఎంత? గాలి 10 డిగ్రీలు చల్లబడితే దాని సాంద్రత సుమారు 3 శాతం పెరుగుతుంది. 80 హార్స్‌పవర్ ఇంజన్‌కు అన్నీ కలిసొస్తే దక్కేది రెండు, రెండున్నర హార్స్‌పవర్. పైగా కంపెనీ ఇచ్చిన డబ్బా కూడా చాలా కార్లలో బయటి గాలినే పీలుస్తుంది. దాని మూతి హెడ్‌లైట్ పైన, బానెట్ అంచు దగ్గర ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు ఊరికే పెట్టింది కాదు. చిన్న కారు చక్రం మధ్యభాగం నేల నుంచి దాదాపు 30 సెంటీమీటర్లు. బంపర్ వెనక కిందకు దించిన ఫిల్టర్ కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. అంటే రెండు హార్స్‌పవర్ కోసం గాడీ ముక్కును నీటిమట్టానికి తెచ్చి పెట్టుకున్నట్టు.

ఇప్పటికే అలాంటి ఇంటేక్ పెట్టుకున్న పిల్లలు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఉస్తాద్ దగ్గరా, ఈ పని తెలిసిన మరో ఇద్దరి దగ్గరా అడిగి తెలుసుకున్నవి చెబుతాను.

అన్నిటికంటే ఆసాన్ పని, వానాకాలం నాలుగు నెలలు పాత డబ్బాను మళ్లీ బిగించుకోవడం. కంపెనీ ఎయిర్ బాక్స్‌ను కబాడీకి అమ్మకండి. రెండోది, పొడుగు పైపు తీసేసి పొట్టి పైపుతో ఫిల్టర్‌ను బానెట్ కిందే ఎత్తులో పెట్టడం. ఇంజన్ వేడి గాలి పీలుస్తుంది, ఆ రెండు హార్స్‌పవర్ పోతుంది. పోనీయండి. మూడోది, ఫిల్టర్‌కు తొడిగే నీళ్లు అంటని గుడ్డ తొడుగు. ఇది చినుకులకూ టైర్లు ఎగజిమ్మే నీళ్లకూ పనికొస్తుంది. ఫిల్టర్ మునిగితే మాత్రం ఏ గుడ్డా ఆపలేదు. దుకాణంలో "వాటర్‌ప్రూఫ్" అంటే నమ్మకండి. నాలుగోది, పైపు మధ్యలో ఎత్తున బిగించే బైపాస్ వాల్వ్. కింద ఫిల్టర్ మునిగితే అది తెరుచుకుని పైనుంచి గాలి ఇస్తుంది. టర్బో ఉన్న ఇంజన్లకు ఇది పనికిరాదు. ఇక జీపుల వాళ్లు పెట్టుకునే స్నార్కెల్. పైపును కప్పు దాకా ఎత్తినంత మాత్రాన సరిపోదు. కింద ఎయిర్ బాక్స్ మూత, నీళ్లు కారే చిల్లి, రబ్బరు జాయింట్లు అన్నీ గట్టిగా మూసి ఉండాలి. ఒక్క క్లిప్ లూజైతే ఆ స్నార్కెల్ ఉత్త దిఖావా.

ఏది పెట్టించినా చక్రం లోపలివైపు ప్లాస్టిక్ లైనర్ తీసేయనివ్వకండి. పైపు పెట్టడానికి అడ్డమని చాలాచోట్ల దాన్ని కోసేస్తారు. టైర్ చిమ్మే నీళ్లకు అదే అడ్డుగోడ. నూనె రాసి వాడే కాటన్ ఫిల్టర్ అయితే, కడిగాక నూనె ఎక్కువ పట్టించకండి. అది ఎగిరి గాలిని కొలిచే సెన్సర్ మీద పడితే గాడీ తడబడుతుంది.

కానూన్ మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దిష్టతలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. చేసిన మార్పును ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఝగ్డా తప్పదు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో వరద నష్టం ఉంటుంది గానీ, నీళ్లలో ఇంజన్ స్టార్ట్ చేసి లోపల విరగ్గొట్టుకున్నది సాధారణంగా ఉండదు. దానికి 'ఇంజన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి. పాలసీ రెన్యూవల్ రోజు ఈ ఒక్క మాట అడగండి.

ఇక రోడ్డు మీది మాట. నీళ్ల లోతు తెలియకపోతే వెనక్కి తిరగడమే అఖల్‌మందీ. అడుగు లోతు ప్రవాహం చాలా చిన్న కార్లను తేల్చేయగలదు, రెండడుగులైతే పెద్ద గాడీలనూ లాక్కుపోతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. తప్పనిసరై తక్కువ నీళ్లలో పోవాల్సి వస్తే ఫస్ట్ గేర్‌లో, మనిషి నడిచే వేగంతో, ఆగకుండా పోవాలి. ఎదురుగా బస్సో లారీయో వస్తుంటే దాన్ని దాటిపోనిచ్చాకే నీళ్లలోకి దిగాలి. గాడీ నీళ్లలో ఆగిపోతే చాబీని ముట్టుకోవద్దు. చాలాసార్లు ఇంజన్ ఖరాబయ్యేది ఆగినప్పుడు కాదు, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు. మనుషుల్ని దింపండి, గాడీని తోయించండి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి, టో చేయించి మిస్త్రీ దగ్గరకు చేర్చండి. ఆయన స్పార్క్ ప్లగ్‌లు విప్పి ఇంజన్‌ను చేత్తో తిప్పితే లోపలి నీళ్లు బయటకొస్తాయి. ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి.

మిస్త్రీ వచ్చేలోపు మీరు చూడగలిగేది ఒకటుంది: డిప్‌స్టిక్. ఆయిల్ రంగు చాయ్‌లో మలై కలిసినట్టు తెల్లబడినా, మట్టం గీత దాటి పైకొచ్చినా నీళ్లు కలిసినట్టే. అప్పుడు ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. కొద్దిసేపు నడిపి ఇంకోసారి మార్చడం కూడా మంచిదే. ఒక చిన్న ఫరక్ గుర్తుంచుకోండి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే నడిచే గాడీలో, చలికీ వానకీ ఆయిల్ మూత కింద కొంచెం తెల్లటి జిగురు కనబడొచ్చు. అది చాలావరకు లోపలి తేమ. దానికి పరేషాన్ కానక్కర్లేదు. డిప్‌స్టిక్ మీదా తెల్లగా ఉంటేనే ఫికర్.

ఇక్కడ రెండో సవాల్ వస్తుంది: ఏ ఆయిల్?

మరమ్మతయ్యాక భాంజా ఒక మహంగా డబ్బా కొనుక్కొచ్చాడు. మీద రేసింగ్ కార్ బొమ్మ, 10డబ్ల్యూ-60 అని పెద్ద అక్షరాలు. "ఇంజన్‌కు బెస్ట్ ఇద్దామని మామూ" అన్నాడు. నియ్యత్ మంచిదే. నేను గ్లోవ్ బాక్స్ తెరిచాను. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా అలాగే ఉంది. పేజీ తిప్పి వాడి చేతిలో పెట్టాను. అందులో ఉన్నది 5డబ్ల్యూ-30.

ఈ అంకెల్ని మన దగ్గర చాలామంది ఉల్టా చదువుతారు. డబ్ల్యూ అంటే వెయిట్ కాదు, వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర. మన హైదరాబాద్‌లో జనవరి ఫజర్ వేళ కూడా చలి ఆ దరిదాపులకు రాదు. అయినా మొదటి అంకె చిన్నదైతే పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ పైదాకా తొందరగా చేరుతుంది.

రెండో అంకె అసలు సంగతి. ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం అది. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య. 60 అంటే 21.9 నుంచి 26.1 మధ్య. అంటే భాంజా తెచ్చిన ఆయిల్ వేడిలో రెండింతలు చిక్కన. సన్నటి దారుల కోసం చేసిన ఇంజన్‌లో దాన్ని పోస్తే పంపు కష్టపడుతుంది, వేడి పెరుగుతుంది, మైలేజ్ తగ్గుతుంది. కొత్త ఇంజన్లలో వాల్వ్ టైమింగ్ మార్చే పరికరం ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది, అదీ తడబడుతుంది. అసలు మజా ఏమిటంటే, వాడి ఇంజన్ లోపల ఏ మార్పూ లేదు. పైపు మారినంత మాత్రాన ఆయిల్ మారదు. లోపల టర్బో పెట్టించి, ట్రాక్ మీద గంటలకొద్దీ తొక్కే గాడీల కథ వేరు. దాన్ని కట్టినవాడే దాని గ్రేడ్ చెప్పాలి.

డబ్బా వెనక ఇంకో వరస ఉంటుంది. ఏపీఐ తర్వాత ఎస్‌తో మొదలయ్యే అక్షరాలు పెట్రోల్‌కు, సీతో మొదలయ్యేవి డీజిల్‌కు. ఎస్‌ఎన్ తర్వాత ఎస్‌పీ వచ్చింది, అది 2020 నాటి ప్రమాణం. మాన్యువల్‌లో ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ పోయొచ్చు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ గాడీల్లో పొగను వడకట్టే ఫిల్టర్ ఉంటే, బూడిద తక్కువ చేసే ఆయిలే వాడాలి. చాలా మాన్యువల్స్‌లో అది ఏసీఈఏ సీ2, సీ3 అని ఉంటుంది. కారుకు పోయగా మిగిలిందని బైక్‌లో మాత్రం పోయకండి. బైక్ క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. దానికి జేఏఎస్‌ఓ ఎంఏ అని రాసున్నది కావాలి, లేకపోతే క్లచ్ జారుతుంది.

కొనేటప్పుడు బిల్లు తీసుకోండి, సీల్ మీ ఎదుటే విప్పించండి, ఖాళీ డబ్బాకు చిల్లి కొట్టి పారేయండి. నకిలీ నూనె నింపేవాళ్లకు కావాల్సింది ఆ ఖాళీ డబ్బాయే. మాన్యువల్ చెప్పినన్ని కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికోసారి మార్చండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోకండి. గీత దాటితే ఆయిల్ నురగ కడుతుంది, నురగ ఇనుముకు అడ్డుపడదు.

భాంజా ఆ రేసింగ్ డబ్బా దుకాణంలో వాపస్ చేసి, మాన్యువల్ చెప్పింది తెచ్చుకున్నాడు. కొన్నది సగం ధరకే వచ్చింది. పాత ఎయిర్ బాక్స్ మా ఆపా డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన దుమ్ము కొట్టుకుని దొరికింది. రెండు క్లిప్పులు విరిగాయి, ఉస్తాద్ కొత్తవి వేశాడు. మోత తగ్గిందని వాడు రెండు రోజులు ఉదాస్‌గా ఉన్నాడు. తర్వాత మరిచిపోయాడు.

పోయిన వానాకాలం ఒక వలీమాకు అందరం కలిసి బయల్దేరాం. గల్లీ చివర నీళ్లు నిలిచాయి. ముందు రెండు గాడీలు దాటిపోయాయి. వాడు ఆపి, దిగి, ఓ స్కూటర్ చక్రం ఎంత మునుగుతోందో చూశాడు. మళ్లీ ఎక్కి, చుప్‌చాప్‌గా రివర్స్ వేశాడు. చుట్టూ తిరిగి వెళ్లేసరికి బిర్యానీ దేగ్‌లు అడుగంటాయి. ఖుబానీ కా మీఠా మాత్రం మిగిలింది. మా ఆపా రెండు కప్పులు తిని, మూడోది భాంజా ముందుకు జరిపింది.